కవచం విప్పేవేళే అసలు పరీక్ష

మన దేశంలో ఆస్పత్రి సిబ్బంది రక్షణ గురించి చర్చ వచ్చినప్పుడల్లా అది కిట్ల లెక్కతో మొదలై కిట్ల లెక్కతోనే ముగుస్తోంది. ఎన్ని కొన్నారు, ఎన్ని పంచారు, గోదాముల్లో ఎన్ని నిల్వ ఉన్నాయి అన్న ప్రశ్నలకు అధికారుల వద్ద సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. ఆ కిట్టును ఒంటిమీద నుంచి ఏ వరసలో, ఏ విధంగా తీయాలో ఎంతమందికి నేర్పారని అడిగితే మాత్రం నీళ్లు నమలడమే కనిపిస్తుంది. అంటువ్యాధి సోకిన రోగికి సేవలందించి వార్డు దాటి వచ్చిన నర్సుకైనా, ఆయాకైనా ఆ కవచం విప్పే ఐదు పది నిమిషాలు ప్రాణసంకటమైన ఘడియలు. వార్డులో గంటల తరబడి కాపాడిన దుస్తులే ఆ కొద్ది నిమిషాల్లో రోగక్రిములను చేతులకు, ముఖానికి చేరవేసే వాహకాలుగా మారతాయి. ఈ వాస్తవం ప్రపంచానికి పలుమార్లు చేదు అనుభవాల ద్వారానే తెలిసివచ్చింది. అయినా మన పాలనా యంత్రాంగం దానికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం ఇవ్వకపోవడం శోచనీయం.

2020 నాటి కొవిడ్ విపత్తులో మన పరిశ్రమలు సాధించిన ఘనతను ఎవరూ కాదనలేరు. ఆ సంవత్సరం మార్చిలో కొన్నిచోట్ల వైద్యులు వాన కోట్లు తొడుక్కుని, మోటారు సైకిల్ హెల్మెట్లు పెట్టుకుని రోగులను పరీక్షించవలసిన దుస్థితి దాపురించింది. మే 12న జాతినుద్దేశించి ప్రసంగించిన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, దేశంలో రోజుకు 2 లక్షల పీపీఈ కిట్లు, 2 లక్షల ఎన్-95 మాస్కులు తయారవుతున్నాయని ప్రకటించారు. కొద్ది వారాల వ్యవధిలో ఇంతటి ఉత్పత్తి సామాన్య విషయం కాదు. కోయంబత్తూరులోని దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘం కృత్రిమ రక్తాన్ని ఉపయోగించి, అది లోపలికి ఇంకుతోందా లేదా అని పరీక్షించి మరీ వస్త్రాల నాణ్యతను నిర్ధారించింది. బట్టకు ఇంత కఠినమైన పరీక్ష పెట్టిన వ్యవస్థ, ఆ బట్ట కట్టుకున్న మనిషి దాన్ని సురక్షితంగా విప్పగలడా లేదా అన్న పరీక్షను మాత్రం అంత పట్టుదలతో నిర్వహించలేదు. పద్మవ్యూహంలో ప్రవేశించడమే తప్ప బయటపడడం తెలియని అభిమన్యుని కథ తెలుగువారికి కొత్త కాదు. మన ఆస్పత్రి సిబ్బందిలో అత్యధికుల పరిస్థితి అందుకు భిన్నంగా లేదు.

విప్పడంలో ఉన్న మర్మం

తొడుక్కునేటప్పుడు అన్నీ శుభ్రమైన వస్తువులే. పొరపాటు జరిగితే సరిదిద్దుకోవచ్చు, చిరిగితే మరొకటి తీసుకోవచ్చు. విప్పేటప్పుడు పరిస్థితి పూర్తిగా తలకిందులవుతుంది. కవచం బయటి భాగమంతా కలుషితమైనదని, లోపలి భాగం మాత్రమే శుభ్రమైనదని భావించి ప్రతి కదలికనూ ఆచితూచి చేయవలసి ఉంటుంది. ముందు వైపు, చేతుల వైపు ఉన్న భాగాలు అన్నిటికంటే ప్రమాదకరం. వీపు వైపు ముడులు, తల వెనుక పట్టీలు, చెవుల పక్కనున్న కాడలు కాస్త సురక్షితం. పట్టుకోవలసింది వాటినే.

చేతితొడుగుల సంగతే తీసుకుందాం. ఒక చేతి తొడుగును మణికట్టు వద్ద బయటివైపు మాత్రమే పట్టుకుని, లోపలి భాగం బయటకు వచ్చేలా ఒలిచి, దాన్ని తొడుగు ఉన్న రెండో చేతి గుప్పిట్లో ఉంచుకోవాలి. ఆ తరువాత ఖాళీ అయిన చేతి వేలిని రెండో తొడుగు అంచు లోపలికి జొనిపి, మొదటిదాన్ని తనలో ఇముడ్చుకునేలా దాన్ని కూడా ఒలిచివేయాలి. ఒట్టి వేళ్లు తొడుగు బయటి భాగానికి ఒక్కసారి తగిలినా చేసిందంతా వృథాయే. తొందరలో వేలి కొసలను పట్టి చటుక్కున లాగేస్తే సాగిన రబ్బరు ఒక్కసారిగా వదులుకుని, దానిమీద ఉన్న తేమ తుంపరలుగా చిందుతుంది.

గౌను విప్పేటప్పుడు వెనుక ముడులు విప్పి, భుజాల నుంచి మెల్లగా జార్చి, బయటి భాగం లోపలికి పోయేలా ఉండగా చుట్టాలి. ఆపాదమస్తకం కప్పే సూటు అయితే తలపై ముసుగును వెనక్కి మడిచి, పైనుంచి కిందికి చుట్టుకుంటూ కాళ్ల వరకు తీసుకువెళ్లాలి. దులపడం, విదిలించడం పనికిరాదు. కళ్లద్దాలను, ముఖ కవచాన్ని ముందుభాగం ముట్టకుండా తల వెనుక నుంచి తీయాలి. రోగి ఉన్న గది దాటిన తరువాతే మాస్కు తీయాలి. ఎన్-95 మాస్కుకు ముందు కింది పట్టీని, తరువాత పై పట్టీని తల మీదుగా తప్పించి, ముందువైపు వేలు పెట్టకుండా తొలగించాలి. కిట్టు రకాన్ని బట్టి ఈ వరసలో కొద్దిపాటి తేడాలు ఉండవచ్చు. ఎక్కువ కలుషితమైనది ముందు పోవాలి, శ్వాసను కాపాడేది చివరిదాకా ఉండాలి అన్న సూత్రం మాత్రం మారదు. మధ్యమధ్య చేతులు శుద్ధి చేసుకోవడం తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఆల్కహాలు ద్రావణంతో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీటితో అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టే పని అది.

చదవడానికి ఇది సులువుగానే అనిపిస్తుంది. ఆరు గంటలపాటు నీరు తాగకుండా, మూత్ర విసర్జనకు వెళ్లకుండా, చెమటలో నానిపోయి, ఆవిరి పట్టిన కళ్లద్దాల్లోంచి మసకగా చూస్తూ పనిచేసిన మనిషి ఇంతటి ఏకాగ్రతను ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? తెలుగు నేల మీద మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండల్లో గాలి చొరని సూటు ధరించినవారికి ఊపిరాడని ఆ క్షణంలో కలిగే ఏకైక కోరిక దాన్ని పీకి అవతల పారేయాలనే. క్రమశిక్షణ అత్యవసరమైన సమయానికే శరీరంలో ఓపిక అడుగంటుతుంది. సమస్యకు మూలం ఇక్కడ ఉంది. దీన్ని సిబ్బంది నిర్లక్ష్యంగా కొట్టిపారేయడం అన్యాయం.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఈ విషయంలో ఊహాగానాలతో పనిలేదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఆస్పత్రుల్లో జరిపిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. అతినీలలోహిత కాంతిలో మెరిసే లేపనాన్ని చేతితొడుగులకు, గౌన్లకు పూసి, వాటిని విప్పమని సిబ్బందిని కోరారు. 435 పర్యాయాలు ఈ ప్రయోగం నిర్వహించగా 200 సందర్భాల్లో, అంటే 46 శాతం సార్లు, లేపనం వారి చర్మానికో లోపలి బట్టలకో అంటుకుంది. విప్పే పద్ధతిలో పొరపాట్లు చేసినవారిలో ఇది 70 శాతం కాగా, పొరపాట్లు లేకుండా విప్పినవారిలో 30 శాతం. పద్ధతిగా విప్పినవారిలో సైతం ప్రతి పదిమందిలో ముగ్గురికి కల్మషం అంటిందంటే ఈ పని ఎంత కష్టతరమో ఊహించవచ్చు. అయితే అదే అధ్యయనంలో ఆశాజనకమైన అంశం కూడా ఉంది. మెరిసే లేపనం సాయంతో ఎవరి తప్పు వారికే కంటికి చూపించి శిక్షణ ఇచ్చిన తరువాత ఒక ఆస్పత్రిలో కల్మషం అంటే సందర్భాలు 60 శాతం నుంచి దాదాపు 19 శాతానికి పడిపోయాయి. నేర్పితే వచ్చే విద్య ఇదని దీనివల్ల రుజువైంది.

అంతర్జాతీయ వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష మరో ముఖ్యమైన విషయాన్ని తేటతెల్లం చేసింది. శరీరాన్ని ఎంత ఎక్కువగా కప్పితే రక్షణ అంత పెరుగుతుంది. దాంతోపాటే విప్పడం కూడా అంత కష్టమవుతుంది. పక్కన ఒకరు నిలబడి దశలవారీగా నోటితో సూచనలు చెబుతుంటే పొరపాట్లు తగ్గుతాయని కూడా ఆ సమీక్ష పేర్కొంది. నాణ్యమైన కిట్టు కొనిస్తే బాధ్యత తీరిపోయిందనుకునే యాజమాన్యాలు ఈ రెండు మాటలను జాగ్రత్తగా చదువుకోవాలి.

అగ్రరాజ్యానికీ తప్పని పాఠం

సంపన్న దేశాల ఆస్పత్రులకు ఈ జ్ఞానం ముందే ఉన్నదనుకుంటే పొరపాటు. 2014లో పశ్చిమాఫ్రికాను ఎబోలా కబళిస్తున్న రోజుల్లో, లైబీరియా నుంచి వచ్చిన ఒక రోగి అమెరికాలోని డాలస్ నగరంలో ఆస్పత్రి పాలై అక్టోబర్ 8న మరణించాడు. ఆయనకు సేవలందించిన నర్సుల్లో ఇద్దరికి ఆ వ్యాధి సోకింది. వారు రక్షణ దుస్తులు ధరించి పనిచేసినవారే కావడం గమనార్హం. అదే సమయంలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఎబోలా రోగికి సేవచేసిన ఒక నర్సు సహాయకురాలు వ్యాధిగ్రస్తురాలైంది. కవచం తొలగించే సమయంలో చేతితొడుగు ముఖానికి తగిలి ఉండవచ్చునని ఆమెకు చికిత్స చేసిన వైద్యులు వెల్లడించారు. అదృష్టవశాత్తు ఆ ముగ్గురూ కోలుకున్నారు.

ఈ సంఘటనలతో మేల్కొన్న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అక్టోబర్ 20న తన మార్గదర్శకాలను సవరించింది. చర్మంలో ఏ భాగమూ బయటకు కనిపించరాదని, రోగి వద్దకు వెళ్లేముందే తొడగడం, విప్పడం పదేపదే అభ్యాసం చేయించాలని, విప్పే ప్రతిసారీ శిక్షణ పొందిన పరిశీలకుడు ఎదుట ఉండి ఒక్కో మెట్టునూ పర్యవేక్షించాలని నిర్దేశించింది. డాలస్ నర్సులకు వ్యాధి సరిగ్గా ఏ క్షణంలో సోకిందన్నది తేలలేదు. అయినా నేరం నర్సుల మీదకు నెట్టి చేతులు దులుపుకోకుండా వ్యవస్థలోని లోపాన్ని సరిదిద్దడం విజ్ఞత. పరిశీలకుడు ఉండాలన్న నిబంధన అందులో కీలకమైనది. అలసిన మనిషి తన తప్పును తాను చూసుకోలేడు. మరొక జత కళ్లు అవసరం.

మన ముంగిట్లోనే ముప్పు

ఎబోలా మన దేశంలో వ్యాపించలేదు కనుక ఈ పాఠం మనకు అక్కరలేదని వాదించేవారు ఉండవచ్చు. దక్షిణాసియా అనుభవం ఆ వాదాన్ని పూర్వపక్షం చేస్తోంది. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో అంతుచిక్కని జ్వరం 66 మందికి సోకి 45 మందిని బలిగొంది. బాధితుల్లో ఆస్పత్రి సిబ్బంది, రోగులను చూడవచ్చినవారు పెద్దసంఖ్యలో ఉన్నారు. అది నిపా వైరస్ అని నిర్ధారణ కావడానికి ఏళ్లు పట్టింది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో నిపా దాదాపు ఏటా తల ఎత్తుతూనే ఉంది. 2011 జనవరిలో గుజరాత్‌లో క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం మన దేశంలో తొలిసారి నిర్ధారణ అయింది. అహ్మదాబాద్ సమీప గ్రామానికి చెందిన రోగితోపాటు ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు, సేవలందించిన నర్సు కూడా ప్రాణాలు కోల్పోయారు. 2023 నవంబర్‌లో పాకిస్థాన్‌లోని క్వెట్టాలో ఇదే వ్యాధి పలువురు ఆస్పత్రి సిబ్బందికి సోకగా ఒక వైద్యుడు మరణించాడు.

2018 మే నెలలో కేరళలోని కోజికోడ్, మలప్పురం జిల్లాల్లో నిపా విజృంభించి 17 మందిని పొట్టన పెట్టుకుంది. పేరాంబ్ర తాలూకా ఆస్పత్రి నర్సు లినీ పుతుస్సేరి తొలి రోగుల్లో ఒకరికి సేవచేసి, తానూ ఆ వ్యాధికి గురై మే 21న కన్నుమూసింది. ఇద్దరు పసిబిడ్డల తల్లి ఆమె. మృత్యుశయ్య మీద నుంచి భర్తకు ఆమె రాసిన నాలుగు వాక్యాలు యావద్భారతాన్నీ కంటతడి పెట్టించాయి.

ఈ మరణాలన్నీ కవచం విప్పడంలోని లోపం వల్లనే సంభవించాయని చెప్పడం సత్యదూరం. సిలిగురిలోనూ, పేరాంబ్రలోనూ వచ్చిన జబ్బు ఏమిటో తెలియకముందే సిబ్బంది దాని వాతపడ్డారు. అప్పటికి వారి ఒంటిమీద కవచమే లేదు. జబ్బు పేరు తెలిసిన తరువాత మాత్రం సిబ్బందిని కాపాడేది క్రమశిక్షణే. కేరళ 2018 నుంచి ఆ మాట గ్రహించింది. రోగులను విడిగా ఉంచడం, కలిసినవారిని వెతికి పట్టుకోవడం, సిబ్బందికి తర్ఫీదు ఇవ్వడం అక్కడ ఆనవాయితీగా మారాయి. 2019లో ఎర్నాకుళంలో నిపా సోకిన యువకుడు కోలుకోగా అతని నుంచి మరొకరికి వ్యాధి పాకలేదు. 2021లో కోజికోడ్‌లో ఒక బాలుడు మరణించినా వ్యాధి అక్కడితో ఆగింది. 2023లో మళ్లీ కోజికోడ్‌లో ఆరుగురికి సోకి ఇద్దరు మరణించగా, సోకినవారిలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉద్యోగి ఉన్నాడు. జాగరూకతలో ఏ కొంచెం సందు దొరికినా వ్యాధి దూరుతుందనడానికి ఇదే నిదర్శనం. కేరళ వంటి అప్రమత్త రాష్ట్రంలోనే ఇలా ఉంటే తక్కిన రాష్ట్రాల సంగతి చెప్పనక్కరలేదు.

ఎదురు వాదనలో నిజమెంత?

కొవిడ్ ప్రధానంగా గాలి ద్వారా వ్యాపించే వ్యాధి అని, బట్టలమీది వైరస్‌తో సోకే ముప్పు మొదట భయపడినంత లేదని ఆ తరువాతి అధ్యయనాలు తేల్చాయి. వార్డులో సూటు తొడుక్కుని జాగ్రత్తగా ఉన్నవారే విశ్రాంతి గదిలో మాస్కులు తీసి ఒకే బల్ల వద్ద భోంచేసి వ్యాధి తెచ్చుకున్న ఉదంతాలు లేకపోలేదు. ఆపాదమస్తకం కప్పే సూటు ప్రతి రోగికీ అవసరం లేదన్న నిపుణుల అభిప్రాయంలో నూటికి నూరుపాళ్లు నిజముంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలోనే, ముప్పు స్థాయిని బట్టి రక్షణ సామగ్రిని హేతుబద్ధంగా వాడుకోవాలని మార్గదర్శకాలు జారీచేసింది. భయంతో అందరికీ అన్నీ తొడిగితే ఖర్చు పెరగడమే కాదు, విప్పే కష్టం కూడా పెరుగుతుంది.

అంతమాత్రాన విప్పే విద్య అనవసరమని తేల్చడం తప్పుడు తర్కం అవుతుంది. నిపా, కాంగో జ్వరం వంటి వ్యాధులు రోగి రక్తం, స్రావాల స్పర్శతో సోకుతాయి. వాటి విషయంలో ఒక్క వేలి తప్పిదం ప్రాణాంతకం. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మహమ్మారి లేని రోజుల్లోనూ ప్రతి వార్డులో చేతితొడుగులు వాడుతూనే ఉంటారు. ఒక మంచం వద్ద తొడిగిన తొడుగుతోనే రెండో మంచం వద్దకు, అక్కడి నుంచి తలుపు గడియకు, ఫోనుకు, కేసు షీటుకు చేతులు వెళ్లడం మన ఆస్పత్రుల్లో నిత్యకృత్యం. తొడుగు తీసినవారిలో చేతులు కడుక్కోనివారు కూడా ఎందరో. తొడుగు ఉన్నది కాబట్టి చెయ్యి శుభ్రమేనన్న భ్రమ వారిది. మందులకు లొంగని మొండి బాక్టీరియాలు ఒక రోగి నుంచి మరొక రోగికి ప్రయాణించే దారుల్లో ఇదొకటి. కనుక కవచం విప్పే పద్ధతి సిబ్బంది క్షేమానికే పరిమితమైన విషయం కాదు. పక్క మంచం మీది బాలింత ప్రాణం, కొత్తగా ఆపరేషన్ అయిన వృద్ధుని ప్రాణం కూడా దానితో ముడిపడి ఉన్నాయి.

అట్టడుగున ఉన్నవారి మాటేమిటి?

శిక్షణ అనగానే వైద్యులు, నర్సులు మాత్రమే గుర్తుకు రావడం మరొక లోపం. వార్డు ఊడ్చేవారు, మలమూత్రాలు ఎత్తేవారు, రోగిని స్ట్రెచర్ మీద తోసేవారు, మురికి దుప్పట్లు మూటకట్టేవారు, శవాగారంలో పనిచేసేవారు, అంబులెన్స్ డ్రైవర్లు, వాడిపారేసిన కిట్లను మోసుకెళ్లేవారు ఈ గొలుసులో చివరి కొక్కేలు. వీరిలో అత్యధికులు కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ కార్మికులు. కాంట్రాక్టు మారినప్పుడల్లా మనుషులు మారతారు. నేర్చుకున్న కాస్త విద్యా వారితోనే వెళ్లిపోతుంది. గోడలమీద అంటించిన బొమ్మల పటాలు తరచు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగే కూడబలుక్కుని చదవవలసిన ఆయాకు వాటితో ఒరిగేదేమీ లేదు.

2020 మార్చిలో కేంద్రం సుమారు 22 లక్షలమంది ఆరోగ్య సిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా ప్రకటించినప్పుడు పారిశుద్ధ్య కార్మికులను, వార్డు బాయ్‌లను, ఆశా కార్యకర్తలను కూడా అందులో చేర్చడం హర్షణీయమే. మరణించిన తరువాత అందే పరిహారంలో సమానత్వం చూపినవారు, మరణించకుండా కాపాడే శిక్షణలోనూ అదే సమానత్వం చూపవలసి ఉంది.

విప్పిన కిట్టు తరువాత ఎక్కడికి పోవాలన్నది కూడా ఇందులో భాగమే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొవిడ్ కాలంలో జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం కళ్లద్దాలు, ముఖ కవచాలు, ప్లాస్టిక్ సూట్లు, నైట్రైల్ చేతితొడుగులు ఎర్ర సంచిలోకి; మాస్కులు, తల టోపీలు, పాదాల తొడుగులు, ప్లాస్టిక్ కాని గౌన్లు పసుపు సంచిలోకి వెళ్లాలి. విప్పే చోట రెండు రంగుల సంచులూ పక్కపక్కనే లేకపోతే ఈ నిబంధన కాగితానికే పరిమితం. ఆ రెండు సంచులూ లేనిచోట కిట్లు నేలమీద కుప్పపడతాయి. ఆ కుప్పను ఒట్టి చేతులతో ఎత్తే బాధ్యత చివరకు అతి తక్కువ జీతగాడి మీదే పడుతుంది.

లెక్కే లేని మరణాలు

2020 సెప్టెంబర్‌లో పార్లమెంటులో ఒక ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఈ అలసత్వానికి పరాకాష్ఠ. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కనుక కొవిడ్ బారినపడిన, మరణించిన ఆరోగ్య సిబ్బంది వివరాలను కేంద్ర స్థాయిలో నిర్వహించడం లేదని రాజ్యసభకు తెలియజేశారు. దీనిపై భారత వైద్య సంఘం భగ్గుమంది. అప్పటికి మరణించిన 382 మంది వైద్యుల జాబితాను స్వయంగా విడుదల చేసింది. 2021 నాటి రెండో విడతలో ఆ సంఘం లెక్క ప్రకారమే మరో 800 మంది వరకు వైద్యులు అసువులు బాశారు. వైద్యులకు సంఘం ఉంది కాబట్టి ఆ మాత్రం లెక్క తేలింది. నర్సుల లెక్క, ఆయాల లెక్క, ఊడ్చేవారి లెక్క ఎవరు చెప్పాలి?

ఎవరికి ఎక్కడ, ఏ పనిచేస్తుండగా వ్యాధి సోకిందన్న విచారణ లేనప్పుడు లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? రైలు పట్టాలు తప్పితే విచారణ కమిషన్ వేస్తారు. విమానం కూలితే శకలాలన్నీ ఏరి పరీక్షిస్తారు. విధి నిర్వహణలో నర్సు జబ్బుపడితే మాత్రం సెలవు చీటీతో సరిపెడతారు. ఈ ధోరణి మారనంతకాలం ప్రతి అంటువ్యాధికీ సిబ్బంది కొత్తగా మూల్యం చెల్లిస్తూనే ఉంటారు.

తక్షణ కర్తవ్యం

మార్గదర్శకాలకు మన దేశంలో కొదవ లేదు. ఆస్పత్రుల్లో అంటువ్యాధుల నిరోధంపై జాతీయ మార్గదర్శకాలను కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జనవరిలోనే వెలువరించింది. ప్రభుత్వాస్పత్రుల పరిశుభ్రతకు మార్కులు వేసి బహుమతులిచ్చే కాయకల్ప పథకం 2015 నుంచి అమలులో ఉంది. కావలసింది వాటిని వార్డు గుమ్మం దాకా తీసుకువెళ్లే సంకల్పం. అందుకు పెద్ద బడ్జెట్ కూడా అవసరం లేదు.

మొట్టమొదట, తొడుక్కునే గది వేరు, విప్పే గది వేరు అన్న నియమాన్ని జిల్లా ఆస్పత్రి స్థాయి నుంచి అమలు చేయాలి. ఒకే తలుపులోంచి శుభ్రమైనవారు లోపలికి, కలుషితమైనవారు బయటికి నడిచే పాత కట్టడాల్లో కనీసం తడికతోనైనా విభజన చేయవచ్చు. విప్పే చోట నిలువుటద్దం, కూర్చునేందుకు ఒక స్టూలు, రెండు రంగుల సంచులు, మోచేతితో తిప్పగలిగే కుళాయి, అందులో అన్నివేళలా నీరు ఉండాలి. కుళాయి ఉండి నీరు రాని ఆస్పత్రిలో ఎన్ని పటాలు అంటించినా ప్రయోజనం శూన్యం.

రెండవది, ప్రమాదకర వ్యాధుల వార్డుల్లో విప్పే ప్రతిసారీ ఒక పరిశీలకుడు ఎదుట ఉండాలి. ఇందుకు కొత్త ఉద్యోగాలు సృష్టించనవసరం లేదు. షిఫ్టులో ఒకరికి ఆ బాధ్యత అప్పగించి, ఆ సమయానికి మరో పని చెప్పకుండా ఉంటే చాలు. హౌస్ సర్జన్ అయినా, ప్రొఫెసర్ అయినా ఆ పరిశీలకుడు ఆగమంటే ఆగాలి. పరిశీలకురాలు స్టాఫ్ నర్సు, విప్పుతున్నది పెద్ద డాక్టరు అయినప్పుడు నోరు మెదపలేని అంతస్తుల భేదం మన ఆస్పత్రుల్లో ఉన్న మాట వాస్తవం. సూపరింటెండెంటు రాతపూర్వకంగా అధికారం ఇస్తే తప్ప ఆ జంకు పోదు.

మూడవది, శిక్షణను ఏడాదికొక ఉపన్యాసంగా కాక నెలనెలా చేతులతో చేసే అభ్యాసంగా మార్చాలి. మెరిసే లేపనం, అతినీలలోహిత దీపం కొనడానికి అయ్యే వ్యయం స్వల్పం. ఎవరి పొరపాటు వారి చర్మం మీదే మెరిసి కనిపిస్తే ఆ పాఠం జీవితాంతం మరపురాదు. ఔట్‌సోర్సింగ్ ఒప్పందాల్లోనే ఈ శిక్షణను షరతుగా చేర్చి, తర్ఫీదు పొందనివారిని అంటువ్యాధుల వార్డుకు పంపరాదని శాసించాలి. సూచనల పటాలు తెలుగులో, పెద్ద బొమ్మలతో ఉండాలి.

నాలుగవది, విప్పడానికి పట్టే సమయాన్ని డ్యూటీ సమయంగానే లెక్కించాలి. వేసవిలో షిఫ్టు నిడివి తగ్గించాలి. ఇంటికి వెళ్లే బస్సు తప్పిపోతుందన్న ఆదుర్దాలో ఉన్న మనిషి ఏ మెట్టునో ఒకదాన్ని దాటవేయడం సహజం. చివరిగా, విధి నిర్వహణలో వ్యాధి సోకిన ప్రతి ఉద్యోగి వివరాన్ని, పర్మనెంటు, కాంట్రాక్టు భేదం లేకుండా, నమోదు చేసి జాతీయస్థాయిలో ప్రకటించాలి. ఆ విచారణ శిక్షించడానికి కాక నేర్చుకోవడానికి అన్న భరోసా కలిగితేనే సిబ్బంది తమ పొరపాట్లను దాచకుండా చెబుతారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటుగా మారింది. కొవిడ్ తగ్గుముఖం పట్టగానే కిట్లు గోదాముల్లోకి, శిక్షణ కాగితాలు ఫైళ్లలోకి చేరాయి. తదుపరి వ్యాధి ఏ రూపంలో, ఏ ఊరి ఆస్పత్రి గుమ్మం తొక్కుతుందో ఎవరూ చెప్పలేరు. అది వచ్చిన రోజున లోపలికి వెళ్లే నర్సులూ, ఆయాలూ మనకు కరువు కారు. లినీ వంటివారు ఈ దేశంలో ఎందరో ఉన్నారు. వారిని తిరిగి క్షేమంగా ఇంటికి పంపే బాధ్యత మాత్రం వారి ధైర్యానికి వదిలివేయదగినది కాదు. అభిమన్యుని పరాక్రమాన్ని తరతరాలుగా కీర్తిస్తున్న జాతి, అతనికి బయటపడే దారి నేర్పనివారి బాధ్యత గురించి కూడా ఆలోచించక తప్పదు.